కార్మికుల మనిషి గిరిగారు

పత్తి సీజను వచ్చిందంటే ఆదోని కళే వేరు. తెల్లవారకముందే బండ్లు, ట్రాక్టర్లు, లారీలు మార్కెట్ యార్డు ముందు బారులు తీరతాయి. వ్యాపారం జోరు చూసి ఒకప్పుడు 'రెండో బొంబాయి' అని పేరు పెట్టుకున్న ఊరు మరి! యార్డులో అమ్ముడైన పత్తి జిన్నింగ్ మిల్లుకి చేరుతుంది. అక్కడ గింజ ఒకవైపు, దూది ఒకవైపు పడతాయి. ఆ మిల్లుల్లోకి వెళ్లి చూస్తే, చీర కొంగు బిగించి, తలకి ముక్కుకి గుడ్డ చుట్టుకుని, గంపలతో పత్తి ఎత్తేవాళ్లు, మిషన్లకి అందించేవాళ్లు, కింద పడ్డ గింజలు ఊడ్చేవాళ్లలో ఆడవాళ్లు చాలామందే కనిపిస్తారు.

తిరుగుతున్న మిషను పక్కన రోజంతా నిలబడే పని. చెయ్యి జారినా, కొంగు చిక్కినా క్షణంలో అంతా అయిపోతుంది. అప్పుడు ఆ మనిషి సంగతేమిటి? ఆసుపత్రి ఖర్చు ఎవరిస్తారు? వేళ్లు పోయిన చెయ్యితో రేపట్నించి ఎవరు పనిలో పెట్టుకుంటారు? ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

ఇలాంటి ప్రశ్నల చుట్టూనే బతుకంతా నడిపిన తెలుగాయన ఒకరున్నారు. ఆయన ఫొటో మీరు చిన్నప్పుడు బడిలో చూసే ఉంటారు. భారత నాలుగో రాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి. మనందరికీ రాష్ట్రపతి గిరి గుర్తున్నారు గానీ, అంతకుముందు ఏళ్ల తరబడి రైలు కూలీల మధ్య, యూనియన్ ఆఫీసుల్లో తిరిగిన గిరిగారిని మాత్రం మర్చిపోయాం.

ఆయన పుట్టింది 1894 ఆగస్టు 10న, బరంపురంలో. ఇప్పుడది ఒడిశాలో ఉంది గానీ అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. తండ్రి జోగయ్య పంతులు పేరున్న లాయరు. తల్లి సుభద్రమ్మ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. జాతీయోద్యమంలో ఆవిడ తనంతట తాను దిగారు. శాసనోల్లంఘన రోజుల్లో మద్యనిషేధం కోసం జరిగిన ఆందోళనకి ముందు నిలిచి అరెస్టయ్యారు. ఆ కాలంలో లాయరుగారి భార్య, పెద్దింటి ఇల్లాలు వీధిలోకొచ్చి సారా దుకాణాలకి ఎదురు నిలవడమంటే ఎంత మాట! గిరిగారు కూడా 1922లో సారా దుకాణాల దగ్గర పికెటింగ్ చేసే జైలుకెళ్లారు. తల్లికీ కొడుక్కీ దారి ఒకటే.

1913లో ఆయన్ని లా చదవడానికి ఐర్లాండు పంపారు. డబ్లిన్‌లో దిగేసరికి అక్కడ ఊరు ఊరంతా అట్టుడికిపోతోంది. యూనియన్‌లో చేరితే పనిలోంచి తీసేస్తామని యజమానులు పట్టుబట్టారు. చేరతామని కార్మికులు పట్టుబట్టారు. సుమారు ఇరవై వేలమంది కార్మికుల్ని గేటు బయట నిలబెట్టేశారు. నెలల తరబడి కూలి లేదు, పిల్లలకి తిండి లేదు. జిమ్ లార్కిన్, జేమ్స్ కానలీ అనే ఇద్దరు నాయకుల పేర్లు ఆ ఊళ్లో మారుమోగుతున్నాయి. బారిస్టరు చదువు కోసం వచ్చిన పందొమ్మిదేళ్ల కుర్రాడికి కోర్టు పుస్తకాలకంటే వీధిలో జరుగుతున్నదే పెద్ద పాఠమైంది.

ఇక్కడొక సంగతి గమనించాలి. బ్రిటన్‌లో పనిలో దెబ్బ తగిలిన కార్మికుడికి యజమాని నష్టపరిహారం ఇవ్వాలనే చట్టం 1897లోనే వచ్చింది. 1906లో దాన్ని బాగా విస్తరించారు. ఐర్లాండు అప్పుడు బ్రిటన్ ఏలుబడిలోనే ఉంది కాబట్టి అక్కడా అది అమలయ్యేది. అదే తెల్లదొరల ఏలుబడిలో ఉన్న మన దేశంలో మాత్రం అలాంటి చట్టమే లేదు. మిల్లులో చెయ్యి తెగిన మనిషి పరిహారం కావాలంటే కోర్టుకెక్కి, తప్పు యజమానిదేనని రుజువు చేసుకోవాలి. పక్కనున్న తోటి కూలి పొరపాటు వల్ల దెబ్బ తగిలిందని యజమాని వాదించి తప్పించుకోవచ్చు. రోజుకూలి మనిషి, అందులోనూ ఒంటిచేతి మనిషి, లాయర్ని పెట్టుకుని ఏళ్లతరబడి వ్యాజ్యం నడుపుతుందా? అయ్యే పనేనా?

1916 ఈస్టరు పండగ రోజుల్లో డబ్లిన్‌లో తిరుగుబాటు లేచింది. కానలీని బ్రిటిష్‌వాళ్లు కాల్చి చంపారు. ఆ తిరుగుబాటు నాయకులతో సంబంధం ఉందన్న అనుమానంతో గిరిగారిని ఐర్లాండు వదిలి పొమ్మన్నారు. బారిస్టరు పట్టా మాత్రం చేతికొచ్చింది. ఇంటికి తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో పేరు నమోదు చేయించుకున్నారు. హాయిగా ప్రాక్టీసు చేసుకుంటే తండ్రిని మించిన లాయరయ్యేవారేమో! 1920లో గాంధీగారి పిలుపు విని నల్లకోటు విప్పేశారు.

బరంపురం మీదుగా పోయేది బెంగాల్ నాగపూర్ రైల్వే. ఖరగ్‌పూర్‌లో దాని పెద్ద వర్క్‌షాపు. ఆ రైల్వే కార్మికులే గిరిగారి మొదటి బలగం. 1923లో అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్యను స్థాపించినవాళ్లలో ఆయనొకరు. పదేళ్లకు పైగా దాని ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు.

సరిగ్గా ఆ 1923లోనే మన దేశానికీ వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం వచ్చింది. 1924 జూలై 1 నుంచి అమలైంది. మొదట్లో రైల్వేలు, గనులు, కరెంటో ఆవిరో వాడే ఫ్యాక్టరీలు వంటి కొన్ని పనులకే వర్తించేది. దాని గొప్పదనమంతా ఒక్క ముక్కలో ఉంది. తప్పు ఎవరిదని అడగదు. పనిలో ఉండగా, పని మూలంగా దెబ్బ తగిలితే చాలు, యజమాని పరిహారం ఇవ్వాలి. కోర్టు చుట్టూ తిరగకుండా కమిషనర్ అనే అధికారి దగ్గర తేల్చుకోవచ్చు. ఏ వేలు పోతే ఎంత, కన్ను పోతే ఎంత అని పట్టిక కూడా వేశారు. మనిషి ఒంటికి ధర కట్టినట్టుండే ఆ పట్టిక చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ పట్టికే లేకపోతే యజమాని చేతిలో పెట్టిందే పుచ్చుకోవాలి కదా!

చట్టం వచ్చింది సరే. దెబ్బ తగిలిన మనిషి తరఫున దరఖాస్తు ఎవరు రాస్తారు? సాక్ష్యం చెప్పిన తోటివాళ్లని పనిలోంచి తీసేస్తే ఎవరడుగుతారు? అక్కడే యూనియన్ అవసరం పడుతుంది. గిరిగారు జీవితమంతా పట్టుకున్నది ఈ కొసనే.

1927-28 ప్రాంతంలో బెంగాల్ నాగపూర్ రైల్వేలో చాలామందిని పనిలోంచి తీసేయబోతే, గిరిగారి నాయకత్వంలో కార్మికులు సమ్మెకి దిగారు. గాంధీగారి పద్ధతిలో, దెబ్బలాటలు లేకుండా. చివరికి కంపెనీ, ప్రభుత్వం దిగిరాక తప్పలేదు.

1927లోనే ఆయన జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సదస్సుకి భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. ఆ ఏడాది సదస్సు జబ్బు చేసిన కార్మికులకి బీమా ఉండాలని తీర్మానించింది. అందులో కార్మికుడు కొంత, యజమాని కొంత వేసుకున్న నిధిలోంచి కష్టకాలంలో డబ్బు వస్తుంది. యజమాని దయాదాక్షిణ్యాలతో పని లేదు. ఈ ఆలోచన మన దేశంలో చట్టంగా మారడానికి ఇంకా ఇరవయ్యొక్క ఏళ్లు పట్టింది.

ఆ తర్వాతి రోజులు పరుగుల మీద గడిచాయి. 1931లో లండన్‌లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల తరఫున వెళ్లారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి గడ్డ మీదే బొబ్బిలి రాజాని ఓడించారు! అంతకుముందు మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా చేసిన జమీందారుని ఒక యూనియన్ నాయకుడు ఓడించడం అప్పట్లో పెద్ద సంచలనం. రాజాజీ మంత్రివర్గంలో గిరిగారికి కార్మిక, పరిశ్రమల శాఖలిచ్చారు.

ఇక్కడ మన ఆదోని, ఎమ్మిగనూరు మళ్లీ కథలోకొస్తాయి. ఈ రెండూ అప్పుడు కర్నూలు జిల్లాలో లేవు. మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లాలో ఉండేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడే కర్నూలుకి వచ్చి చేరాయి. అంటే ఆదోని మిల్లు కూలీలకీ, ఎమ్మిగనూరు నేతగాళ్లకీ కూడా కార్మిక, పరిశ్రమల మంత్రి గిరిగారే. ఆయన మంత్రిగా ఉన్న 1938లోనే ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టారు. నూలు సంఘమిస్తుంది, బట్ట సంఘం కొంటుంది, షావుకారు పీడ తగ్గుతుంది. ఇంట్లో మగ్గం మీద కూర్చునే మనిషికీ, పక్కన రాట్నం తిప్పి కండెలు చుట్టే ఇల్లాలికీ పైన యజమాని అంటూ ఎవరూ లేరు. నడుము పడిపోయినా, కంటి చూపు తగ్గినా నష్టపరిహారం ఎవర్ని అడగాలి? వాళ్లకి సంఘమే దిక్కయింది. ఒకే తాలూకా పరిధిలో రెండు రకాల కష్టజీవులు. ఒకరికి చట్టం ఉండీ చేతికందదు. ఇంకొకరి గడప దాకా ఆ చట్టం రానే రాదు.

1939లో మంత్రివర్గం రాజీనామా చేసింది. 1942లో గిరిగారు రెండోసారి ఏఐటీయూసీ అధ్యక్షులయ్యారు. ఆ ఏడే క్విట్ ఇండియా ఉద్యమం, మళ్లీ జైలు. వెల్లూరు, అమరావతి జైళ్లలో మూడేళ్లు గడిచాయి. ఆయన భార్య సరస్వతీబాయి. ఆ దంపతులకి పద్నాలుగుమంది సంతానం! ఆయన జైల్లో, రైళ్లలో, సభల్లో ఉన్న అన్నేళ్లూ ఆ ఇంటి బరువు ఎవరి భుజాల మీద ఉండేదో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. గిరిగారి గురించి రాసినవాళ్లు ఆవిడ సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అది అన్యాయమే.

స్వతంత్రం వచ్చాక గిరిగారు సిలోన్‌లో మన హైకమిషనర్‌గా ఉండగా, 1948లో పార్లమెంటు ఈఎస్ఐ చట్టం చేసింది. అంబేద్కర్ కార్మిక శాఖ చూస్తున్న రోజుల్లో పడ్డ విత్తనం అది. 1952 ఫిబ్రవరిలో కాన్పూరు, ఢిల్లీల్లో పథకం మొదలైంది. ఆ ఏడాదే పాతపట్నం నుంచి లోక్‌సభకి గెలిచిన గిరిగారు కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. జెనీవాలో కుర్రతనంలో విన్నది, అరవైకి దగ్గరపడుతున్న వయసులో తన శాఖ కిందే నడవడం చూశారు. ఈఎస్ఐ ఉన్న కార్మికురాలికి పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఈఎస్ఐ ఆసుపత్రిలో. పనికి పోలేని రోజులకి డబ్బు ఈఎస్ఐ నుంచే. యజమానిని బతిమాలక్కర్లేదు.

అయితే ఈ చట్టంలో ఒక మెలిక ఉంది. ఆదోనివాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన మెలిక. ఏడాది పొడుగునా కాకుండా కొన్ని నెలలే నడిచే 'సీజనల్ ఫ్యాక్టరీలు' ఈఎస్ఐ కిందకి రావని రాశారు. అవేవో పేర్లు పెట్టి మరీ చెప్పారు. పత్తి జిన్నింగ్, పత్తి ప్రెస్సింగ్, వేరుశెనగ కాయలు ఒలిచే మిల్లులు... ఇంకేముంది, ఆదోని బజారంతా అదే కదా! దూది మిల్లు, చెనిక్కాయల మిల్లు. దేశమంతటికీ గొడుగు పట్టి, సరిగ్గా మన వీధి దగ్గర మడిచేసినట్టయింది. కాబట్టి ఒట్టి జిన్నింగే చేసే మిల్లులో చెయ్యి పోయిన మనిషికి 1923 నాటి పరిహారపు హక్కే ఆధారం.

ఆ హక్కు విలువెంతో చాలామందికి తెలీదు. ఒక్కసారి లెక్క వేద్దాం. ముప్ఫయ్యేళ్ల ఆమె, నెలకి పదివేల కూలి. మిషన్లో పడి ఒక చేతి మూడు వేళ్లు పోయాయనుకోండి. పట్టిక ప్రకారం అది నూటికి 30 వంతుల నష్టం. నెల కూలిలో నూటికి 60 వంతులు, అంటే 6,000. దాన్ని ముప్ఫయ్యేళ్ల వయసుకి చట్టంలో ఇచ్చిన 207.98 అనే అంకెతో హెచ్చించాలి. వచ్చినదాంట్లో 30 వంతులు తీస్తే 3,74,364 రూపాయలు. వైద్యం ఖర్చు దీనికి అదనం. చాలాచోట్ల జరిగేదేమిటి? ఆసుపత్రి బిల్లు కట్టి, చేతిలో పదో పదిహేనో వేలు పెట్టి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. వేలిముద్రకి వేలు మిగిలుంటే!

నిజానికి ఆ కాగితం చెల్లదు. పరిహారపు హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న ఏ ఒప్పందమూ చెల్లదని 1923 చట్టంలోనే ఉంది. ఆడవాళ్లకి ఇంకో రక్షణ కూడా పెట్టారు. ఆడమనిషికి ఇచ్చే ఏకమొత్తం పరిహారాన్ని యజమాని నేరుగా ఆమె చేతికీ, ఆమె మొగుడి చేతికీ, మేస్త్రి చేతికీ ఇవ్వకూడదు. కమిషనర్ దగ్గర జమ చేయాలి. అలా చేయకపోతే ఇచ్చినట్టు లెక్కలోకి రాదు. ఆడవాళ్లని మైనర్లతో పాటు ఒకే వాక్యంలో చేర్చి రాశారనే కోపం నాకూ వచ్చింది గానీ, పరిహారం డబ్బు ఎన్ని ఇళ్లలో ఎలా ఆవిరైపోతుందో చూసినవాళ్లు ఆ వాక్యాన్ని కొట్టేయమనరు. మిల్లులో పెట్టింది కాంట్రాక్టరు అయినా అసలు యజమాని తప్పించుకోవడానికి లేదు. ఆయన ముందు ఇచ్చి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి.

మళ్లీ గిరిగారి దగ్గరికొద్దాం. మంత్రిగా ఆయన పట్టుదల ఒక్కటే. కార్మికులు, యజమానులు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి. ప్రతిదానికీ ట్రిబ్యునళ్ల చుట్టూ తిప్పితే యూనియన్లు బలపడవని ఆయన నమ్మకం. దీనికి 'గిరి అప్రోచ్' అనే పేరే పడింది. తోటి మంత్రులకి గానీ, యూనియన్లలోనే చాలామందికి గానీ ఇది అంతగా రుచించలేదు. బలమైన యూనియన్ ఉన్నచోట సరే, ఆదోని మిల్లు లాంటి చోట, సీజను అయితే ఎవరి దారిన వాళ్లు పోయే ఆడకూలీలు యజమాని ఎదురుగా కూర్చుని బేరమాడగలరా? నాకైతే ఆ నమ్మకం లేదు. వాళ్లకి చట్టమూ కావాలి, పక్కన నిలబడే సంఘమూ కావాలి.

కానీ నమ్మినదానికి కట్టుబడ్డ మనిషి ఆయన. 1954లో బ్యాంకు ఉద్యోగులకి ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని కేంద్ర ప్రభుత్వం తగ్గించి మార్చింది. తీర్పు ఇచ్చాక దాన్ని మార్చడం కార్మికులకి ఇచ్చిన మాట తప్పడమేనని గిరిగారు మంత్రి పదవి వదిలేశారు. కుర్చీ కోసం మాట మార్చేవాళ్లనే ఎక్కువగా చూసిన మనకి ఇదొక వింతే.

1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరు, 1967లో ఉపరాష్ట్రపతి. 1969 రాష్ట్రపతి ఎన్నిక కథ తెలుగువాళ్లకి కంఠతా వచ్చు. ఇటు స్వతంత్ర అభ్యర్థిగా గిరిగారు, అటు మన సీమ బిడ్డ, అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డిగారు. రెండో ప్రాధాన్యత ఓట్లు లెక్కపెడితే గానీ ఫలితం తేలలేదు. గిరిగారు గెలిచారు.

ఆ పదవిలో ఉండగానే 1974 మే నెలలో రైల్వే సమ్మె వచ్చింది. ఇరవై రోజులు దేశమంతా రైళ్లు స్తంభించాయి. వేలమందిని జైళ్లలో పెట్టారు, క్వార్టర్లలోంచి కుటుంబాల్ని ఖాళీ చేయించారు, చివరికి సమ్మెని అణిచేశారు. సమ్మెకి ముందు నిలిచింది ఏ సంఘమనుకుంటున్నారు? యాభై ఏళ్ల కిందట గిరిగారు స్థాపించిన ఆ రైల్వే కార్మికుల సమాఖ్యే! రాష్ట్రపతి భవన్‌లో కూర్చుని ఆ వార్తలు చదువుతుంటే ఆయన మనసెలా ఉండేదో. ఆరోజు ఆయన బ్యాంకు ఉద్యోగుల కోసం చేసినట్టు కుర్చీ వదిలి బయటికి రాలేదు. అభిమానులకి ఇది మింగుడుపడని సంగతే. ఆ ఆగస్టులో పదవీకాలం ముగిసింది. మరుసటి ఏడు భారతరత్న ఇచ్చారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. 1995లో కేంద్రం నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకి ఆయన పేరు పెట్టింది.

1923 చట్టం మాత్రం ఆయన కంటే చాలాకాలం బతికింది. 2009లో సవరించి 'ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం' అని పేరు మార్చారు. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి రావడంతో అది సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయింది. పరిహారపు హక్కు కొత్త కోడ్‌లోనూ ఉంది. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదం కూడా పనికి సంబంధించినదని తేలితే లెక్కలోకి వస్తుంది. తెల్లారి ఆటోల్లో, ట్రాక్టర్లలో కిక్కిరిసి మిల్లుకి పోయే ఆడవాళ్లకి ఇది అక్కరకొచ్చేదే. ఈఎస్ఐ విషయంలో సీజనల్ ఫ్యాక్టరీల మినహాయింపు మాత్రం అలాగే ఉంచేశారు.

దరఖాస్తుకి గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు. ఆసుపత్రి చీటీ, ఎక్స్‌రే, కూలి ఇచ్చిన చీటీ ఏదైనా ఉంటే అదీ, ఆరోజు పక్కన పనిచేసినవాళ్ల పేర్లూ జాగ్రత్త చేసుకోవాలి. గాయం మానేదాకా ఆగి, సీజను అయ్యాక చూద్దామనుకుంటే, పక్కన పనిచేసినవాళ్లు ఏ ఊరెళ్లిపోయారో వెతకడానికే ఏడాది పడుతుంది.